పల్లె పేదల కరపత్రాల్లో ‘త్రాగుచున్నాడు’ ఎందుకు?

సందేహం: మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో పాతకాలపు క్రైస్తవ కరపత్రాలు ఓ కట్ట దొరికాయి. తాగుడు మానమని, అప్పుచేసి పెళ్ళిళ్ళు చేయొద్దని, పెళ్ళాన్ని కొట్టొద్దని, పిల్లల్ని బడికి పంపమని చెప్పే చిన్నచిన్న కథలు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పంచిపెట్టినవని అమ్మ చెప్పింది. భాష మాత్రం ‘త్రాగుచున్నాడు’, ‘విడిచిపెట్టుడి’, ‘ఏలయనగా’ అని ఉంది. చదువురాని కూలి జనానికి ఈ గ్రాంథికం ఎందుకు? మా సంఘం ఇప్పుడు కొత్తగా కరపత్రాలు వేయబోతోంది. పెద్దలు ఆ పాత భాషలోనే రాయాలంటున్నారు, కుర్రాళ్ళు మామూలు తెలుగులో రాద్దామంటున్నారు. ‘పాపక్షమాపణ’ అసలు తప్పు మాట అని మా ఊరి తెలుగు మాస్టారు అన్నారు. కరపత్రం అనాలా కరపత్రిక అనాలా అనేది ఇంకో గొడవ. దయచేసి చెప్పండి. — ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, ముందుగా ఆ కట్టను జాగ్రత్తగా దాచండి. ఇలాంటి సన్నకారు పుస్తకాలు చదివాక పొట్లాలు కట్టడానికి పోయాయి, చెదలు తిన్నాయి. ఇది పండితులెవరూ పట్టించుకోని తెలుగు వచనం. మన వచన చరిత్ర రాసేవాళ్ళు చిన్నయసూరి దగ్గర మొదలుపెట్టి వీరేశలింగం మీదుగా గురజాడ దగ్గరికి వచ్చేస్తారు, పల్లె వాకిట్లో బయటికి చదివి వినిపించిన ఈ నాలుగు పేజీల పుస్తకాల ఊసెత్తరు. నాకు ఎప్పటినుంచో ఇది బాధగా ఉంది, అందుకే జవాబు కొంచెం పొడుగవుతుంది.

మీరు ‘గ్రాంథికం’ అన్నారు, ముందు దాని సంగతి చూద్దాం. ఈ రకం పుస్తకాలు మొదటినుంచీ ఆ భాషలో లేవు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలే క్రైస్తవ బోధనా పుస్తకాలు. మద్రాసులో ఏళ్ళ తరబడి ఉండి 1743లో జర్మనీకి తిరిగి వెళ్ళిపోయిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ, హాలే పట్టణంలో 1746, 1747ల్లో వాటిని అచ్చేయించాడు. అందులో ఒకదాని పేరు ‘మోక్షానికి కొంచుపొయ్యే దోవ’. ఈ మూడు మాటలూ ఒక్కసారి బయటికి చదవండి. వ్యాకరణం ప్రకారం రాసే పండితుడైతే ‘మోక్షమునకుఁ గొనిపోవు త్రోవ’ అనేవాడు. షుల్జ్ ‘మునకు’ అనలేదు, జనం అన్నట్టే ‘ఆనికి’ అన్నాడు. ‘కొనిపోవు’ అనలేదు, ‘కొంచుపొయ్యే’ అన్నాడు, ఆ ద్విత్వ యకారం కూడా నోట్లో పలికినట్టే పెట్టాడు. ‘త్రోవ’లో రావొత్తు పోయి ‘దోవ’ అయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం పోరాటానికి దిగింది 1910 ప్రాంతంలో. అంటే అంతకు నూట అరవై ఏళ్ళకు పైగా ముందే, పరదేశంలో పోతపోసిన అచ్చు అక్షరాలతో, జనం నోటి తెలుగు పుస్తకం అట్టమీదికి ఎక్కింది! షుల్జ్ తెలుగులో పొరపాట్లు లేవని నేననడం లేదు, చాలానే ఉన్నాయి, పరాయివాడి తడబాటు అడుగడుగునా కనబడుతుంది. కానీ ఆయన చెవి జనంవైపు ఉంది.

అదే శతాబ్దంలో కథోలిక మతం పుచ్చుకున్న మన వాళ్ళలో మంగళగిరి ఆనందకవి ‘వేదాంతరసాయనం’ అని క్రీస్తు కథను పద్యకావ్యంగా రాశాడు. చదువుకున్న పై కులాలవాళ్ళకు కావ్యం, సామాన్యులకు దోవ చూపే చిన్న పుస్తకం. క్రైస్తవ తెలుగు పుట్టుకలోనే ఈ రెండు పాయలూ ఉన్నాయి, మీ అమ్మమ్మగారి కరపత్రాల్లో ఆ రెండూ వచ్చి కలిశాయి.

ఎలా కలిశాయో చెప్తాను. 1805లో లండన్ మిషను తరఫున క్రాన్, డెగ్రాంజెస్ అనే ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. వాళ్ళకు అనువాదంలో సాయపడినవాడు ఆనందరాయరు అనే బ్రాహ్మణుడు, మతం మారినవాడు. వాళ్ళు తెలుగు చేసిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి, కొత్త నిబంధన మొత్తం 1818లో మద్రాసులో వచ్చింది. ఇలాంటి కరపత్రాలు అచ్చేసే మద్రాసు ట్రాక్టు సొసైటీ మొదలైనదీ ఆ ఏడే. ఇక అక్కణ్ణుంచి మిషనరీ ఏది రాసినా మున్షీ, అంటే దొరలకు తెలుగు నేర్పే పండితుడి చేతిలో పడి, దిద్దుకుని బయటికి రావడం ఆనవాయితీ అయింది. మున్షీకి తెలుగు అంటే పుస్తకాల తెలుగు. ‘తాగుతున్నాడు’ అని దొర రాస్తే ‘త్రాగుచున్నాడు’ అని దిద్దుతాడు, అది ఆయన ఉద్యోగధర్మం. 1850ల్లో చిన్నయసూరి నీతిచంద్రిక, బాలవ్యాకరణం వచ్చాక బళ్ళలో ఆ తెలుగే తెలుగు అయింది, మిషను బళ్ళలో కూడా.

అయినా మీ దగ్గరున్నది సూరి గ్రాంథికం కాదమ్మా. ఏదో ఒక కరపత్రం తీసి చూడండి. అరసున్నలు కనబడవు, కనబడినా ఎక్కడో ఒకటి. బండి ‘ఱ’ ఉండాల్సిన చోట మామూలు ‘ర’ ఉంటుంది. సూరిగారి సూత్రం ప్రకారం ‘వాఁడు గొట్టె’ అని రాయాల్సింది ‘వాడు కొట్టెను’ అని ఉంటుంది, అంటే ‘కొట్టె’ను ‘గొట్టె’గా మార్చే గసడదవాదేశ సంధిని పూర్తిగా వదిలేశారు. మాటకూ మాటకూ మధ్య జాగా ఉంటుంది. పద్యంలోలాగా మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోవు. అంటే క్రియల చివర మాత్రం పుస్తకాల రూపం, మిగతా ఎముకలన్నీ వాడుకవే. దీన్ని నేను ‘బడి గ్రాంథికం’ అంటాను. పల్లె బడిలో రెండో తరగతి దాటిన కుర్రాడు తడుముకోకుండా చదవగలిగేలా సడలించిన భాష ఇది, ఎవరూ సూత్రాలు రాసిపెట్టకుండానే పనిలో పనిగా తయారైంది.

ఇక ‘చున్న’ ఎందుకు నిలిచిందంటే, పండితుడి పంతం ఒక కారణం, రెండో కారణం నా లెక్కలో ఇంకా పెద్దది. అప్పట్లో అందరికీ ఒప్పుదలైన వాడుకభాష అంటూ ఒకటి లేదు. మద్రాసులో అచ్చయిన పుస్తకం శ్రీకాకుళం పోవాలి, మచిలీపట్నం పోవాలి, ఒంగోలు, కడప, బళ్ళారి పోవాలి. ఒక చోట ‘చేస్తన్నాడు’, ఒక చోట ‘చేస్తున్నడు’, ఇంకో చోట ‘చేస్తాండాడు’. వీటిలో ఏది అచ్చేసినా మిగతా జిల్లాలవాళ్ళకు అది పక్కూరి యాస. ‘చేయుచున్నాడు’ ఏ ఊరి నోటా లేదు కాబట్టి ఏ ఊరికీ పరాయిది కాలేదు. ఇప్పుడు మనం పత్రికల్లో, టీవీలో వాడే ‘చేస్తున్నాడు’ అందరికీ తెలిసిన రూపం కావడానికి ఇరవయ్యో శతాబ్దమంతా పట్టింది. ఆ సౌకర్యం వాళ్ళకు లేదు.

చదువురాని వాళ్ళకు ఎందుకన్నారు కదా. అవి చదువురాని వాళ్ళు చదవడానికి కాదు, వినడానికి. పల్లెలో ఒక్కడికి చదువొస్తే చాలు, బోధకుడో, బడిపంతులో, ఇల్లిల్లూ తిరిగే బైబిలు స్త్రీయో. పొద్దంతా చేలో వంగి వచ్చిన జనం రాత్రి దీపం దగ్గర కూర్చుంటే ఒకరు చదివేవారు, నడుమ ఆపి మామూలు మాటల్లో విప్పి చెప్పేవారు. ‘అతడు ప్రతిదినము త్రాగుచుండెను’ అని అచ్చులో ఉంటుంది, ‘అంటే మన ఫలానా మామ లాగా రోజూ కల్లుపాకలోనే’ అని చదివేవాడు కలుపుతాడు. పురాణం చదివి అర్థం చెప్పే పద్ధతి ఊళ్ళో అప్పటికే ఉన్నదే. తేడా ఏమిటంటే ఆ పురాణం అరుగుమీద ఈ జనాన్ని కూర్చోనిచ్చేవారు కాదు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఆ రోజుల్లో ఊళ్ళో ఈ మనుషుల్ని పిలిచే పిలుపు ‘ఒరే’, ‘ఏమిరా’, ‘ఓసే’. ముసలివాడైనా అంతే, పిల్లకాయ కాపు కొడుకు కూడా అలాగే పిలిచేవాడు. కరపత్రం ఏమని మొదలవుతుంది? ‘ప్రియ సహోదరుడా’, ‘ప్రియ చదువరీ’ అని. ‘నీవు’ అంటుంది, నిజమే, కానీ ఆ ‘నీవు’ ఏమిరా చేర్చిన ‘నువ్వు’ కాదు, ప్రార్థనలో దేవుణ్ణి పిలిచే ‘నీవు’ అది. ‘విడిచిపెట్టుడి’, ‘ఆలోచించుడి’ అనే క్రియలు కొంతవరకు వట్టి బహువచనాలే, వాటికి ఇప్పటి ‘అండి’ అంత మర్యాద అంటగట్టను. కానీ అయ్యవార్లు, కరణాలు రాసుకునే భాషలో తనతో ఒకరు మాట్లాడటం అనేది ఆ వినేవాడికి కొత్త. ఇది మనది కాదు, పెద్దోళ్ళ భాష అని అతను అనుకోలేదు. పెద్దోళ్ళ భాష కూడా నాదేనన్నమాట అనుకున్నాడు. మీ పెద్దలు పాత భాషను వదలలేకపోవడానికి మూలం ఇక్కడుంది. కుర్రాళ్ళు నవ్వేముందు ఈ సంగతి వాళ్ళకు చెప్పండి.

ఇంగ్లండులో ఈ పని వేరేగా జరిగింది. అక్కడ హన్నా మోర్ అనే రచయిత్రి 1795 నుంచి 1798 దాకా పల్లె పేదల కోసం అర పెన్నీకీ పెన్నీకీ అమ్మే నీతికథల పుస్తకాలు నడిపింది, మొదటి ఏడాదిలోనే ఇరవై లక్షల ప్రతులు పోయాయి. సంతల్లో అమ్మే చౌకబారు పాటల పుస్తకాల్లాగే ఉండాలని అదే చెక్కబొమ్మ, అదే సైజు, అదే పల్లెటూరి మాటతీరు పెట్టించింది. ఆ పుస్తకాలను ఎక్కువగా కొన్నది జమీందార్లు, పాదిరీలు, పంచిపెట్టడానికి. ఉన్నదానితో తృప్తిపడు, పై వాళ్ళమీద తిరగబడకు అనేది వాటిలో గట్టిగా వినిపించే బోధ, ఫ్రెంచి విప్లవం చూసి బెదిరిపోయిన కాలం అది. ఆ బాటలోనే 1799లో లండన్‌లో రెలిజియస్ ట్రాక్ట్ సొసైటీ వచ్చింది. మన దగ్గర ఆ పుస్తకాల ఆకారం వచ్చింది, పల్లెమాట రాలేదు. కానీ ఉన్నచోటే ఉండు అన్న బోధ కూడా ఇక్కడ అలాగే చెల్లలేదు. మీ జిల్లా చరిత్రే చూడండి. ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ మనిషి దగ్గర ఆ ప్రాంతపు జనం క్రైస్తవంలో చేరే ఉద్యమం మొదలైంది, ధాతుకరువు (1876–78 నాటి పెద్ద కరువు) అయ్యాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళకు కావలసింది తృప్తిపడమని చెప్పే పుస్తకం కాదు, బడి.

సరే, పాత భాషలో నిజంగా తప్పులు లేవా అంటే ఉన్నాయి, అవి ‘చున్న’ దగ్గర లేవు. ఇంగ్లీషు వాక్యాన్ని ముక్కకు ముక్క దించినచోట ఉన్నాయి. ‘అతనిచేత ధనము పోగొట్టబడెను’ అని ఏ తెలుగువాడూ అనడు, ‘డబ్బు పోగొట్టుకున్నాడు’ అంటాడు. ‘అతని యొక్క భార్య యొక్క నగలు’ అనడు, ‘పెళ్ళాం నగలు’ అంటాడు. ‘అతడు ఇద్దరు కుమారులను కలిగియుండెను’ కాదు, ‘అతనికి ఇద్దరు కొడుకులు’. ‘బడు’, ‘యొక్క’, ‘కలిగియుండు’ ఈ మూడూ కొత్త కరపత్రంలోకి రానివ్వకండి. నిజానికి మీ కుర్రాళ్ళు వాడుకభాష అనుకుంటూ ‘నడిపించబడుతున్నాడు’ అని రాస్తే, ‘నడుచుచున్నాడు’ అన్న మీ అమ్మమ్మ కరపత్రమే ఎక్కువ తెలుగు.

‘పాపక్షమాపణ’ సంగతి. మీ మాస్టారు ఊరికే అనలేదు, సంస్కృతంలో క్షమాపణ అంటే క్షమించమని వేడుకోవడం. క్షమించడం క్షమ. కాబట్టి పాపక్షమాపణ అంటే పాపాలు క్షమించమని అడగడం అవుతుంది తప్ప, క్షమ దొరకడం కాదు అని ఆయన వాదన. సంస్కృతం వరకు సరే. తెలుగులో ఎలా వాడుతున్నామో చూడండి. ‘క్షమాపణ చెప్పాడు’ అంటాం, ఇక్కడ వేడుకోవడమే. ‘క్షమాపణ కోరాడు’ అని కూడా అంటాం, మాస్టారు కూడా అంటారు. క్షమాపణ అంటేనే వేడుకోవడమైతే, ‘వేడుకోవడాన్ని కోరాడు’ అని అర్థం రావాలి కదా? రావడం లేదు. అంటే ‘కోరు’ పక్కన చేరినప్పుడు క్షమాపణ అంటే క్షమ అనే అర్థం తెలుగులో ఎప్పుడో స్థిరపడిపోయింది. పాపక్షమాపణలో ఉన్నది ఆ అర్థమే. క్రైస్తవులు మాటను పాడుచేయలేదు, అందరం వాడే అర్థాన్నే వాళ్ళూ వాడారు. తరతరాలుగా లక్షలమంది ప్రార్థనలో ఉన్న మాటను తప్పు అనడానికి ఏ వ్యాకరణానికీ అధికారం లేదు.

‘మారుమనస్సు’ను కూడా వైరి సమాసమని కొట్టేసేవాళ్ళున్నారు, తెలుగు మాటకు సంస్కృతపు మాట తగిలించారని. మారువేషం అన్నప్పుడు లేని అభ్యంతరం మారుమనస్సుకు ఎందుకు? అదే మారు, అదే కూర్పు. నా మటుకు నాకు ఇది చాలా అందమైన మాట. పశ్చాత్తాపంలో ఏడుపు మాత్రమే ఉంది, మారుమనస్సులో మనిషి మారడం ఉంది. ‘సిలువ’ సిరియా భాషనుంచి తమిళం మీదుగా వచ్చింది, ‘పాదిరి’ పోర్చుగీసు, ‘బాప్తిస్మం’ గ్రీకు. ఇవన్నీ ఇప్పుడు తెలుగు మాటలే. కథోలికులు జ్ఞానస్నానం అంటారు, ప్రొటెస్టెంట్లు బాప్తిస్మం అంటారు, వాళ్ళు సువిశేషం అంటే వీళ్ళు సువార్త అంటారు. ఏ సంఘం మాట ఆ సంఘానిది, ఒకటి ఒప్పు ఇంకొకటి తప్పు అని నన్ను అడగొద్దు.

కానీ ఒక హెచ్చరిక. మీ కరపత్రం సంఘం లోపలివాళ్ళకా, బయటివాళ్ళకా? బయటివాళ్ళకైతే లోపలి మాటలు ఒక్కోసారి అడ్డం తిరుగుతాయి. ‘రక్షణ పొందావా?’ అని అడిగితే బయటి మనిషికి పోలీసులో, రక్షణ శాఖో గుర్తొస్తుంది. ‘దేవుడు ఆయనను వాడుకున్నాడు’ అని ఈ మధ్య బాగా వినబడుతోంది, మామూలు తెలుగులో ఒకరు ఇంకొకరిని వాడుకున్నారంటే పని గడుపుకుని వదిలేశారనే అర్థం. ‘దేవుడు ఆయన చేత ఈ పని చేయించాడు’ అనండి, ఏ గొడవా ఉండదు. మారుమనస్సు అన్న మాట రాసినచోట పక్కనే ‘మనసు మార్చుకోవడం’ అని ఒక్కసారి విప్పి చెప్పండి చాలు.

అయితే మరి ఏ భాషలో రాయాలి? కుర్రాళ్ళ మాటే నా మాట. ‘చున్న’ నాడు అందరికీ అందే రూపం కాబట్టి వాడారు, ఇవ్వాళ ఆ పని ‘తున్న’ చేస్తోంది, కాబట్టి ‘తున్న’ వాడండి. ‘విడిచిపెట్టుడి’ బదులు ‘విడిచిపెట్టండి’. దీనివల్ల భాష దిగజారిపోతుందని పెద్దలకు దిగులుంటే ఒక సంగతి చెప్పండి. పాత పుస్తకాల్లో సరిగా రాస్తే అది ‘విడిచిపెట్టుఁడి’, అరసున్నతో. ఒకప్పటి నిండుసున్న బలహీనపడితే మిగిలిన గుర్తు ఆ అరసున్న, అచ్చులో అది కూడా పోయింది. ‘అండి’లో మాత్రం ఆ సున్న నిండుగా వినబడుతూనే ఉంది. పాతదనమే కావాలంటే అది జనం నోట్లోనే భద్రంగా ఉంది. పాత వాక్యాలను ఉన్నవి ఉన్నట్టుగా పెట్టాలనిపించిన చోట, బైబిలు వాక్యభాగాలు చెప్పేటప్పుడు, పాత రూపమే ఉంచండి, వాటిని దిద్దకండి.

నమూనాకు ఒకటి నేనే రాసి చూపిస్తాను. పాత ధోరణి: ‘ఒక గ్రామమందు ఒక కూలివాడుండెను. అతడు తన కూలిసొమ్మంతయు త్రాగుటయందే వ్యయపరచుచుండెను. అందునిమిత్తము అతని పిల్లలు ఆకలిచేత బాధింపబడుచుండిరి.’ కొత్తది: ‘ఒక ఊళ్ళో ఒక కూలి మనిషి ఉండేవాడు. వచ్చిన కూలంతా తాగుడుకే పోసేవాడు. ఇంట్లో పిల్లలు పస్తులుండేవాళ్ళు.’ కథ అదే, ‘బాధింపబడుచుండిరి’ పోయి ‘పస్తులు’ వచ్చింది. పస్తు అనగానే వినే తల్లికి తన ఇల్లు కళ్ళముందుకొస్తుంది. ఇక్కడ మీ జిల్లా మాటలు రెండు మూడు పడినా ఫరవాలేదు, మీరు అచ్చేసేది రాష్ట్రం మొత్తానికి కాదు కదా. పాటలు కూడా చేర్చండి. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు చదువురాని వాళ్ళకు కూడా నోటికొచ్చాయి, వచనం చేరని చోటికి పాట చేరింది.

చివరిగా కరపత్రమా కరపత్రికా. సంస్కృత నిఘంటువులో కరపత్రం అంటే రంపం! చేతి కాగితం అనే అర్థం మనవాళ్ళు కొత్తగా కూర్చుకున్నది, ఆ అర్థం ఇప్పుడు పార్టీలవాళ్ళకూ, సినిమాహాళ్ళవాళ్ళకూ, అందరికీ తెలుసు, ఎవరూ రంపం అనుకోరు. ఒక్క కాగితం అయితే కరపత్రం అనండి. మీ సంఘాల్లో కరపత్రిక అనే అలవాటుంటే అదీ సరైనదే, పత్రం, పత్రిక రెండూ ఆకు, కాగితం అనే అర్థంలో ఉన్నవే. నాలుగు, ఎనిమిది పేజీలు కుట్టి కథగా వేసేదానికి మాత్రం రెండూ చాలవు, దాన్ని చిన్న పుస్తకం అనండి. పాతవాళ్ళు ట్రాక్టు అనేవారు, ఆ మాటకూ నాకు అభ్యంతరం లేదు. మీ కట్టలో అచ్చయిన ఊరు, ఏడు వేసి ఉన్నవి ఏవైనా ఉంటే ఆ మొదటి పేజీలు ఫోటో తీసి పంపండి, చూడాలని ఉంది.